ముఖం నిలవని గది

మా రంగుల కొట్టు పైన రెండంతస్తులున్నాయి. మొదటి అంతస్తుతో పేచీ లేదు. దాని పైది మాత్రం… చీకటి పడ్డాక ఆ గది మాట మా వీధిలో ఎవరూ ఎత్తరు.

అది ఒకప్పుడు ఫొటో స్టూడియో. ఒకపక్క గోడంతా అద్దాల కిటికీ. మూలన స్తంభాలూ పూలతోటా వేసిన పాత తెర. మధ్యలో నగిషీల కుర్చీ. ఫొటోగ్రాఫరు ఒక సాయంత్రం తాళం వేసి వెళ్ళినవాడు మళ్ళీ తిరిగి రాలేదు. ఎందుకు రాలేదంటే తలా ఒక మాట చెప్తారు. కానీ అందరి మాటా చివరికి ఒకచోటికే వస్తుంది — అక్కడ తీసిన ఫొటోల్లో బట్టలు పడేవి, చేతులు పడేవి, వేలికున్న ఉంగరం కూడా పడేది… ముఖం మాత్రం పడేది కాదు. మెడ మీద ఒక తెల్లటి మచ్చ. అంతే.

"కడగడంలో ఏదో తేడా చేసుంటాడులే" అనేవాణ్ణి నేను, పగటిపూట. రాత్రి కొట్టు కట్టేటప్పుడు మాత్రం తలెత్తకుండా తాళం వేసుకుని వచ్చేసేవాణ్ణి. నా ధైర్యం గురించి ఇంతకంటే అడక్కండి.

ఆ రెండంతస్తుల్లోకీ ఇద్దరు అక్కచెల్లెళ్ళు దిగారు.

అక్క బొమ్మలు వేసేది. కాన్వాస్ ప్యానెల్ అంటారే — గట్టి అట్టకి బట్ట అతికించి తెల్లపూత వేసింది — దాని మీద యాక్రిలిక్ రంగులతో పాతకాలం మనుషుల్ని వేసేది. బుట్టచేతుల గౌన్లు, మెడదాకా గుండీలు, చేతిలో మడిచిన గొడుగు. టీ కొట్ల గోడలకీ దర్జీ షాపులకీ ఆవిడ బొమ్మలంటే గిరాకీ. రంగులు నా దగ్గరే తీసుకునేది. నన్ను 'అన్నా' అనేది, నేను 'ఆర్టిస్టమ్మా' అనేవాణ్ణి. ఇదంతా నాకు చెప్పింది ఆవిడే. ఎలా చెప్పిందో అలాగే చెప్తాను.

చెల్లెలు కుట్టుపని మనిషి. మొగుడికి రాత్రి డ్యూటీ. ఆ పిల్లకి జబ్బు చేశాక అక్క దగ్గరుంటే మంచిదని ముగ్గురూ ఒకచోటికి చేరారు. ఏం జబ్బని నేనడగలేదు. "ఇంక ఆసుపత్రి చుట్టూ తిప్పకండి, ఏది తినాలని ఉంటే అది పెట్టండి" అన్నాడట డాక్టరు. ఆ మాటకి అర్థం ఎవరు చెప్పాలి?

ఒళ్ళు కరిగిపోయింది కానీ ఆ పిల్లకి నోరు తగ్గలేదు.

"అక్కా, ఊళ్ళో వాళ్ళందరి గోడలకీ బొమ్మలేశావ్. నన్నెప్పుడేస్తావే? గోడకి ఎలాగూ ఎక్కాల్సిందాన్నేగా" అందట ఒకరోజు.

అక్క ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ మాటలు మానతావా, కుంచెతో ఒకటివ్వనా?"

"మానేస్తా. నన్ను పాతకాలం ఫొటోల్లో ఆడవాళ్ళలాగా వెయ్యి. నగిషీ కుర్చీలో. నేను కుట్టుకున్న గోధుమరంగు గౌను వేసుకుంటా."

ఆ గౌను జబ్బుకి ముందు కుట్టుకున్నది. ఇప్పుడు భుజాల మీంచి జారిపోతోంది. వీపు వెనక మడతలు పెట్టి పిన్నులు గుచ్చితేగాని నిలబడలేదు. అక్క ఆమెని నడుం పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కించి, పై గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీ తెరిచింది. గది సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ బొమ్మకి కావలసిన వెలుతురు ఇల్లంతటికీ అక్కడే ఉంది.

ముందు ప్యానెల్ అంతా ఇటుకరంగు పల్చగా పూసింది. తర్వాత వెనక గోడ, కుర్చీ, గౌను మడతలు. యాక్రిలిక్ తొందరగా ఆరుతుంది — ఒక పొర వేసి టీ తాగి వచ్చేసరికి పైపొరకి సిద్ధం. ముఖం చివరికి ఉంచుకుంది. ముఖం వేసే రోజు పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా కదల్లేదు. జబ్బు తీసేసి వేసింది. బుగ్గలు నింపింది, కళ్ళ కింద నలుపు చెరిపింది.

చెల్లెలు ముందుకి వంగి, బొమ్మని ఎంతోసేపు చూసింది. "బాగున్నానే" అంది చివరికి. "అయితే… పూర్తయినట్టేనా?"

"అయినట్టే. రేపు వార్నిష్ పూస్తే సరి."

మర్నాడు పొద్దున అక్క ఒక్కతే పైకి వెళ్ళింది, వార్నిష్ డబ్బాతో.

కుర్చీ ఉంది. గౌను ఉంది. ఒళ్ళో చేతులున్నాయి.

మెడ పైన… తెల్లటి మచ్చ.

డబ్బా అక్కడే వదిలేసి నా కొట్టుకి పరిగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా లేవు కాళ్ళకి. "అన్నా, ఆరిపోయిన యాక్రిలిక్ నీళ్ళకి కరుగుతుందా?"

"రబ్బరులాగా పట్టేస్తుంది కదమ్మా. ఎలా కరుగుతుంది?"

"మరి ముఖమొక్కటే ఎలా పోయింది?"

"ఆ బొమ్మని కిందికి తెచ్చేసుకోమ్మా" అన్నాను, అంతే.

"కింద పగలు కూడా దీపం పెట్టుకోవాలన్నా. పైగా దానికి ఆ కుర్చీలో కూర్చోవడమంటే ప్రాణం…"

మళ్ళీ వేసింది. చెల్లెలు మళ్ళీ గౌను వేసుకుని కూర్చుంది, ఒక్క విసుగు మాట లేకుండా. సాయంత్రానికి ముఖం వచ్చింది. రాత్రి తలుపుకి తాళం వేసి, తాళంచెవి హాల్లో మేకుకి తగిలించి పడుకుంది ఆర్టిస్టమ్మ.

నడిరేయి ఎప్పుడో మెలకువ వచ్చింది.

చెక్కమెట్ల మీద చప్పుడు.

ధప్…

చాలాసేపు ఏమీ లేదు. ఎవరో ఊపిరి కూడదీసుకుంటున్నట్టు…

ధప్…

అది నడక కాదు. నడిచే మనిషికి రెండు కాళ్ళుంటాయి, ఒక లెక్కలో పడతాయి. ఇదేదో బరువైనది… తనని తాను ఎత్తి పై మెట్టు మీద పడేసుకుంటున్నట్టు. పైకి పోయేకొద్దీ నెమ్మదించింది. ఆర్టిస్టమ్మ దుప్పటి ముసుగు తన్నింది. చెల్లెలి గది తలుపు వేసి ఉందో లేదో చూడటానికి కూడా లేవలేదట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు తల దించుకుంది.

తెల్లారి చూస్తే తాళం వేసినట్టే ఉంది. లోపల ముఖం లేదు. గదిలో మాత్రం ఒక వాసన… చల్లగా, ముక్కుకి కుట్టేలా. ఆసుపత్రి వరండాలో వస్తుందే, అది.

"నీకు రాత్రి ఏమైనా వినపడిందే, చిన్నీ?"

చెల్లెలు కళ్ళు పెద్దవి చేసింది. "లేదే… నీకు వినపడిందా? ఏం వినపడింది? చెప్పవూ…" అని దగ్గరికి జరిగి, గుసగుసగా, "అక్కా, ఈ గదికి పేరుంది కదే" అంది.

చెల్లెలి మొగుడు డ్యూటీ నుంచి వచ్చి విన్నాడు. మంచివాడే. మందులు తేవడంలో ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు. కానీ పెళ్ళాం గదిలోకొస్తే దిండుతో మాట్లాడేవాడు, కిటికీతో మాట్లాడేవాడు. ఆమె ముఖం వంక చూడలేకపోయేవాడు. "ఆ గది వదిలెయ్యండి వదినా. ఇంట్లో ఉన్నది చాలదా?" అన్నాడు, మందు సీసాని చూస్తూ.

"నేను కూర్చుంటాను. మళ్ళీ వెయ్యక్కా" అంది చెల్లెలు.

అలా జరుగుతూనే పోయింది. పగలు ముఖం రావడం… రాత్రి పోవడం. కొన్ని రాత్రులు ఆ చప్పుడు ఎక్కిన కాసేపటికే దిగిపోయేది, మర్నాడు పొద్దున ముఖం సగమే చెరిగి ఉండేది — ఒక కన్ను మిగిలి, నోరు మిగిలి. అది ఇంకా భయంగా ఉండేదట. వీధిలో కూడా తెలిసిపోయింది. మా కొట్టుకి వచ్చేవాళ్ళు పైకి చూపించి, కావలసింది అడగడం మర్చిపోయేవాళ్ళు.

ఆర్టిస్టమ్మకి ఒక సంగతి మాత్రం లోపల గుచ్చుకుంటోంది. నిన్నటి ముఖం ఇవాళ పనికి రావడం లేదు. బుగ్గలు నింపి వేద్దామని కూర్చునేది — ఎదురుగా ఉన్న ముఖంలో నింపడానికి చోటే కనబడటం లేదు. ఎముక ఎక్కడుందో అక్కడే వెయ్యాల్సి వస్తోంది.

ఒక మధ్యాహ్నం కుంచె పక్కన పెట్టేసి, ఊరికే చెల్లెలి వంక చూస్తూ కూర్చుంది.

చెల్లెలు కదిలిపోయింది. "ఏంటే అలా చూస్తావ్? నేనేమైనా పోయానా? కుంచె పట్టుకుని చూడు, పాడుచూపూ నువ్వూనూ!" అని నవ్వి ముఖం పక్కకి తిప్పేసుకుంది. అక్క కుంచె తీసుకోగానే మళ్ళీ తిన్నగా కూర్చుంది. కాసేపటికి మెల్లిగా అంది — "నువ్వు బొమ్మ వేసేటప్పుడే నన్ను చూస్తావక్కా. మిగతా వేళల్లో మందు వేళయిందా లేదా అని చూస్తావు."

"నోరు కదపకు. పెదవులు వేస్తున్నా" అంది అక్క.

ఆ రాత్రి ఇక తేల్చుకోవాలనుకుంది. దీపం లేకుండా పై గదికి వెళ్ళి, మూలనున్న పాత తెర వెనక నిలబడింది. తలుపు దగ్గరికి వేసింది, తాళం వెయ్యలేదు. తెర నిండా దుమ్ము. తుమ్ము వస్తే చీరకొంగు… కాదు, ఒంటి మీదున్న పాత షర్టు అంచు ముక్కుకి అడ్డం పెట్టుకుందట. ఏది చేతికొస్తే అది.

చాలాసేపు ఏమీ లేదు. కిటికీలోంచి వీధిదీపం వెలుతురు కొంచెం ప్యానెల్ మీద పడుతోంది. చీకట్లో ఆ ముఖం చెల్లెలి కంటే బతికున్నట్టుగా కనబడింది.

అప్పుడు —

ధప్…

కింది మెట్టు.

ధప్…

మధ్య మధ్య ఊపిరి చప్పుడు — ఈల వేసినట్టు, సన్నగా. ఒక్కో మెట్టుకీ మధ్య ఎంత ఆగుతోందంటే, ఇక వెళ్ళిపోయిందేమో అనిపించేదట. అంతలో… ధప్.

పై మెట్టు దాకా వచ్చింది. ఆగింది.

తలుపు మెల్లిగా తెరుచుకుంది.

తలుపులో ఎవరూ లేరు.

మనిషి తల ఉండాల్సిన చోట ఖాళీ. నడుముండాల్సిన చోట ఖాళీ. ఆర్టిస్టమ్మ అరవబోయింది. అప్పుడు కళ్ళు కిందికి దిగాయి… నేల మీద ఏదో తెల్లగా ఉంది. కదులుతోంది. కూర్చున్నట్టే, చేతుల మీద, ఒక్కో జానా ముందుకి జరుగుతూ ప్యానెల్ వైపు వస్తోంది.

దాని ముందున్న, ఆర్టిస్టమ్మ కూర్చుని బొమ్మ వేసే కుర్చీ కోడు పట్టుకుంది. కుర్చీ కిర్రుమంది. పాక్కుంటూ పైకి లేచి, కుర్చీలో పడి, కాసేపు అలాగే వాలిపోయింది. తర్వాత ఒక చిన్న టార్చి వెలిగింది.

చెల్లెలు.

రాత్రి వేసుకునే తెల్ల గౌనులో… ఒళ్ళో సూదిమందుకి ముందు రాసే స్పిరిట్ సీసా, దూది.

వెంటనే చెరపలేదట. టార్చి వెలుతురు ఆ ముఖం మీద పెట్టి చూస్తూ కూర్చుంది. బుగ్గ మీద వేలితో రాసింది. తర్వాత దూది తడిపి నుదుటి దగ్గర మొదలుపెట్టింది. ఆరిన రంగు స్పిరిట్‌కి మెత్తబడుతుంది కానీ ఒక పట్టాన రాదు. అద్ది, ఆగి, గోటితో గీకి, మళ్ళీ అద్ది… చెయ్యి నొప్పెడితే ఇంకో చేత్తో. ఊపిరి ఎగపోస్తోంది. ఒకసారి సీసా జారబోతే గుండెకి హత్తుకుని పట్టుకుంది.

అంతా అయ్యాక దూది మడిచి గౌను చేతిలో దాచుకుని, ఆ తెల్లటి మచ్చ వంక చూసి గుసగుసలాడింది —

"రేపు మళ్ళీ చూద్దువుగాని అక్కా."

తెర వెనక అక్క నోరు రెండు చేతులతో మూసుకుంది.

"బయటికి ఎందుకు రాలేదమ్మా?" అనడిగాను నేను.

"వస్తే ఏమంటానన్నా? వచ్చానంటే ఇక ఇది అయిపోయినట్టేగా. దానికి ఇంకేం మిగుల్తుంది?"

రాలేదు. ఆ పిల్ల మళ్ళీ నేల మీదికి జారి, మెట్ల దాకా జరిగి, ఒక్కో మెట్టే దిగుతుంటే… ప్రతి చప్పుడూ లెక్క పెట్టలేక, చెవులు మూసుకోలేక, తెర పట్టుకుని నిలబడింది. ఒకచోట చాలాసేపు చప్పుడు ఆగిపోయిందట. "పరిగెత్తాలనిపించింది. కాలు ఎత్తాను కూడా. అంతలో మళ్ళీ వినపడింది" అంది.

పొద్దున్నే మామూలుగా పైకెళ్ళి, ఇల్లెగిరిపోయేలా అరిచింది — "అయ్యయ్యో! మళ్ళీ చెరిగిపోయిందే చిన్నీ!"

కింది నుంచి నవ్వు వినపడింది. "నేను చెప్పలా? దెయ్యమేనే! ఉండు, గౌను వేసుకుంటా!"

కూర్చున్నప్పుడు చూసింది — చెల్లెలి వేళ్ళ కొనలు తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ముఖం చూసింది కానీ వేళ్ళు చూడలేదు.

ఆ రోజే నా కొట్టుకొచ్చింది. "అన్నా, రంగు ఆరకుండా చేసే మందు ఉంటుంది కదా, ఒక సీసా ఇవ్వు."

"అదెందుకమ్మా? నువ్వెప్పుడూ తొందరగా ఆరితే బాగుండనేదానివిగా?"

"ఇప్పుడు ఆరకూడదన్నా. పొద్దున వేసింది అర్ధరాత్రికి కూడా తడిగా ఉండాలి. ఉట్టి గుడ్డతో తుడిస్తే వచ్చెయ్యాలి."

అప్పటికి నాకు అసలు సంగతి తెలియదు. పిచ్చెక్కిందనుకున్నాను. ఇచ్చాను.

ఆర్టిస్టమ్మ పై గది తాళం తీసేసింది. మెత్తటి గుడ్డ ఒకటి ప్యానెల్ పక్కన మర్చిపోయినట్టు వదిలేసేది. మెట్ల నిండా పాత తివాచీ పరిచి, "చలికి పాదాలు జివ్వుమంటున్నాయే" అంది. చెల్లెలు తివాచీ వైపు ఒకసారి చూసింది, అంతే. తెలిసిందో తెలియలేదో ఆర్టిస్టమ్మకి ఇవాళ్టికీ తెలియదు.

అప్పట్నుంచి రాత్రిళ్ళు చప్పుడు వినపడటం మానేసింది. మొదట హాయిగా ఉండేదట. తర్వాత అదే పీడ అయింది. వినపడితే ఎక్కుతోందని తెలిసేది. ఇప్పుడు కళ్ళు తెరుచుకుని పడుకోవడం, తెల్లారి పైకెళ్ళి చూడటం… ముఖం లేకపోతే ఊపిరి పీల్చుకోవడం.

పగలు చెల్లెలు ఎక్కువసేపు కూర్చోలేకపోయేది. తల ఒక పక్కకి వాలిపోయేది. దిండ్లు పెట్టి నిలబెట్టి, అక్క తొందరతొందరగా వేసేది, మెల్లిమెల్లిగా చూసేది. పిన్నులు వీపు మీంచి పక్కలకి వచ్చాయి. మాటలు తగ్గాయి. చివరి రోజు ఒక్కటే అడిగిందట — "కళ్ళు ఏ రంగు కలుపుతావే?"

"ఇటుకరంగులో కొంచెం నీలం."

"నల్లగా అనుకున్నానే ఇన్నాళ్ళూ" అంది.

ఆ సాయంత్రం రెండు చేతుల మీద ఎత్తుకునే దింపింది. బరువేమీ లేదు.

మర్నాడు పొద్దున అరవడానికి గొంతు సవరించుకుంటూ మెట్లెక్కింది ఆర్టిస్టమ్మ. తలుపు తోసింది.

ముఖం ఉంది.

నుదురు, కనుబొమలు, బుగ్గ ఎముకలు, పగిలిన పెదవి… ఒక్క గీత చెదరకుండా ఉంది. కళ్ళు తన వంకే చూస్తున్నాయి. వేలు పెట్టి చూసింది. రంగు ఇంకా తడిగానే ఉంది. పక్కన గుడ్డ ఎలా మడిచిపెట్టిందో అలాగే ఉంది.

ఎంతసేపు నిలబడిందో ఆవిడకి తెలియదు. ఆ తర్వాత గుడ్డ తీసుకుంది. నుదుటి దగ్గర మొదలుపెట్టి, నెమ్మదిగా, మొత్తం తనే తుడిచేసింది.

సరిగ్గా అప్పుడే డ్యూటీ నుంచి మరిది వచ్చాడు. మెట్ల మీంచి దిగుతున్న వదిన చేతులనిండా రంగు చూసి, ఏదో అడగబోయి, ఆమె వెనకే చెల్లెలి గది గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి తొంగి చూసి, గోడ వైపు తిరిగిపోయాడు.

ఆర్టిస్టమ్మ మంచం పక్కన కూర్చుంది. ఆ చల్లటి భుజం మీద చెయ్యి వేసి కుదుపుతూ —

"ఏయ్ చిన్నీ… మళ్ళీ చెరిగిపోయిందే. లే… లేచి కూర్చో. గౌను నేను తొడుగుతాలే. చిన్నీ… చెరిగిపోయిందంటే నమ్మవేం? నిజంగానేనే…"